నిందకు నిలిచిన శాస్త్రజ్ఞుడు: ప్లేగు టీకా రూపకర్త వాల్డెమార్ హాఫ్‌కిన్

భారతదేశ ప్రజారోగ్య చరిత్రలో వాల్డెమార్ మొర్డెకాయ్ హాఫ్‌కిన్ స్థానం విశిష్టమైనది. కలరా, ప్లేగు అనే రెండు మహమ్మారులకు వ్యతిరేకంగా టీకాలు రూపొందించి, వాటిని మొదట తన శరీరంపైనే ప్రయోగించుకొని, ఆ తరువాత ఈ దేశ ప్రజల మధ్యకు తీసుకువచ్చిన శాస్త్రజ్ఞుడు ఆయన. ముంబయి నగరంలోని పరేల్ ప్రాంతంలో ఉన్న హాఫ్‌కిన్ సంస్థ నేటికీ ఆయన పేరును నిలుపుతున్నది. అయితే ఆ మహనీయుడు తాను చేయని తప్పుకు పదవిని కోల్పోయి, సుమారు అయిదేళ్లపాటు నిందను మోశాడన్న విషయం చాలమందికి తెలియదు. ఒక టీకా కార్యక్రమంలో జరిగిన ప్రమాదం, దానిపై సాగిన విచారణ, ఆలస్యంగా దక్కిన న్యాయం ఆయన జీవితంలోని ప్రధాన ఘట్టాలు. ప్రజారోగ్య రంగంలో పనిచేసే వారికీ, ఆ రంగపు వార్తలను ప్రజలకు అందించే వారికీ అవి నేటికీ పాఠాలే.

బాల్యం, విద్యాభ్యాసం

హాఫ్‌కిన్ 1860 మార్చి 15న నాటి రష్యా సామ్రాజ్యంలో, నల్ల సముద్ర తీర ప్రాంతంలోని ఒక యూదు వర్తక కుటుంబంలో జన్మించాడు. ఒడెస్సా విశ్వవిద్యాలయంలో ప్రకృతి శాస్త్రాలు అభ్యసించాడు. అక్కడ జీవశాస్త్ర ఆచార్యుడైన ఇల్యా మెచ్నికోవ్ ఆయనకు గురువు. శరీరంలోని కొన్ని కణాలు రోగక్రిములను మింగివేస్తాయని నిరూపించి, 1908లో నోబెల్ బహుమతి పొందిన శాస్త్రవేత్త మెచ్నికోవ్.

విద్యార్థి దశలోనే హాఫ్‌కిన్ జారు ప్రభుత్వ వ్యతిరేక ఉద్యమాలలో పాల్గొని పలుమార్లు నిర్బంధానికి గురయ్యాడు. యూదులపై మూకదాడులు జరిగిన రోజులలో ఆత్మరక్షణ దళంలో చేరి గాయపడ్డాడు. చదువులో ఎంత ప్రతిభ కనబరచినా, యూదు మతాన్ని విడిచి క్రైస్తవం స్వీకరిస్తే తప్ప విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి లభించే అవకాశం లేకపోయింది. మతం మార్చుకోవడానికి ఆయన అంగీకరించలేదు. ఒడెస్సాలోని జంతుశాస్త్ర ప్రదర్శనశాలలో చిన్న ఉద్యోగంతో కొన్నేళ్లు గడిపి, 1888లో స్విట్జర్లాండులోని జెనీవా నగరానికి వెళ్లాడు. మరుసటి సంవత్సరం పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో చేరాడు. అప్పటికే అక్కడ పనిచేస్తున్న గురువు మెచ్నికోవ్ ఆయనకు అండగా నిలిచాడు. ఆ సమయంలో ఖాళీగా ఉన్నది గ్రంథాలయ సహాయకుని కొలువు ఒక్కటే. పగలు పుస్తకాలు చూసుకుంటూ, మిగిలిన వేళలలో ప్రయోగశాలలో పనిచేస్తూ హాఫ్‌కిన్ సూక్ష్మజీవుల అధ్యయనం సాగించాడు. ఆయన వైద్య పట్టభద్రుడు కాడు, జీవశాస్త్రజ్ఞుడు. ఈ ఒక్క అంశం తరువాతి కాలంలో ఆయనకు పెద్ద చిక్కుగా పరిణమించింది.

కలరా టీకా

ఆ రోజులలో కలరా వ్యాధి ఆసియా, ఐరోపా ఖండాలను వణికిస్తున్నది. కలరా క్రిమిని ప్రయోగశాలలో జంతువుల శరీరాల గుండా పదేపదే పంపి దాని తీవ్రతను పెంచవచ్చునని, మరొక పద్ధతిలో దానిని బలహీనపరచవచ్చునని హాఫ్‌కిన్ కనుగొన్నాడు. మొదట బలహీనమైన క్రిమిని, కొద్ది రోజుల వ్యవధి తరువాత బలమైన క్రిమిని చర్మం కింద ఎక్కిస్తే శరీరం వ్యాధిని ఎదుర్కొనే శక్తిని సంతరించుకొంటుందని ఆయన ప్రతిపాదించాడు. 1892 జూలై 18న ఆ టీకాను తనకే వేసుకొన్నాడు. జ్వరం, నొప్పి కలిగి కొద్ది రోజులలో తగ్గిపోయాయి. అనంతరం ఆయన మిత్రులు కొందరు స్వచ్ఛందంగా టీకా తీసుకొన్నారు. అదే నెల చివరలో పారిస్‌లోని జీవశాస్త్ర సమాజానికి ఫలితాలను నివేదించాడు.

టీకా నిజంగా పనిచేస్తుందో లేదో తేలాలంటే వ్యాధి ఏటేటా విజృంభించే ప్రాంతానికి వెళ్లక తప్పదు. అంతకు ముందు భారతదేశంలో వైస్రాయిగా పనిచేసి, అప్పుడు పారిస్‌లో బ్రిటిష్ రాయబారిగా ఉన్న లార్డ్ డఫ్రిన్ ఆయనను భారతదేశం వెళ్లవలసిందిగా ప్రోత్సహించాడు. హాఫ్‌కిన్ 1893 మార్చిలో కలకత్తా చేరుకొని, ఉత్తర భారత నగరాలలో టీకా కార్యక్రమం ప్రారంభించాడు.

1894లో కలకత్తా నగర ఆరోగ్యాధికారి ఆహ్వానంపై అక్కడి బస్తీలలో పనిచేశాడు. సూదిమందు అంటేనే ప్రజలలో భయం. విదేశీయుడు వచ్చి ఒంట్లోకి విషం ఎక్కిస్తున్నాడన్న వదంతులు వ్యాపించాయి. ఒక బస్తీలో జనం రాళ్లు రువ్వినప్పుడు, ఆయన అందరి ఎదుటా తన సహచర వైద్యుని చేత తనకే సూది వేయించుకొన్నాడని జీవిత చరిత్రకారులు పేర్కొంటారు. ఆయన వెంట ఉన్న భారతీయ వైద్యులు స్థానిక భాషలో టీకా ఉద్దేశాన్ని వివరించారు. ఆనాడు అక్కడి సుమారు 200 మందిలో 116 మంది టీకా వేయించుకొన్నారు. ఆ తరువాత ఆ బస్తీలో కలరా తిరిగి తలెత్తినప్పుడు వ్యాధి సోకినవారందరూ టీకా తీసుకోనివారే.

ఒకే ఇంటిలో నివసిస్తూ, ఒకే చెరువు నీరు తాగేవారిలో టీకా వేయించుకొన్నవారిని, వేయించుకోనివారిని పోల్చి లెక్క తేల్చడం హాఫ్‌కిన్ అనుసరించిన పద్ధతి. ఇరువర్గాల జీవన పరిస్థితులు ఒకటే కనుక వ్యత్యాసం టీకా వల్లనే అని చెప్పడానికి వీలుకలిగేది. టీకాల సామర్థ్యాన్ని ప్రజల మధ్య పరీక్షించే విధానానికి ఇది తొలినాటి చక్కని నమూనా. సుమారు రెండున్నరేళ్లలో 42 వేల మందికి కలరా టీకా వేసి, మలేరియా జ్వరంతో నీరసించిన ఆయన 1895లో ఐరోపాకు వెళ్లి, మరుసటి ఏడాది తిరిగివచ్చాడు.

బొంబాయిలో ప్లేగు

1896 సెప్టెంబరులో బొంబాయిలోని మాండ్వి ప్రాంతంలో ప్లేగు బయటపడింది. డాక్టర్ అకాసియో వీగస్ ఆ వ్యాధిని తొలుత గుర్తించాడు. కొద్ది నెలలలో నగర జనాభాలో పెద్ద భాగం ఊరు విడిచిపోయింది. ప్రభుత్వం 1897 ఫిబ్రవరిలో అంటువ్యాధుల చట్టాన్ని తీసుకువచ్చింది. ఇళ్లలో చొరబడి సోదాలు జరపడం, రోగులను బలవంతంగా ఆసుపత్రులకు తరలించడం, రైలు ప్రయాణికులను నిలిపి పరీక్షించడం వంటి చర్యలు ప్రజాగ్రహానికి కారణమయ్యాయి. ఆ ఏడాది జూన్‌లో పుణెలో ప్లేగు అధికారి రాండ్‌పై జరిగిన కాల్పులు ఆ ఆగ్రహానికి పరాకాష్ఠ.

బలప్రయోగం ప్రధాన సాధనమైన ఆ వాతావరణంలోకి హాఫ్‌కిన్ 1896 అక్టోబరులో అడుగుపెట్టాడు. గ్రాంట్ వైద్య కళాశాలలో ఆయనకు లభించినది ఒక గది, ఒక నడవ. సిబ్బంది ఒక గుమాస్తా, ముగ్గురు జవానులు. ప్లేగు క్రిమిని అలెగ్జాండర్ యెర్సిన్ 1894లో హాంకాంగ్‌లో కనుగొన్నాడు. ఆ క్రిమిని మాంసరసంలో పెంచేటప్పుడు పైన నెయ్యి చుక్కలు తేలనిస్తే, వాటిని ఆధారం చేసుకొని క్రిములు ఊడలవలె కిందికి దిగుతూ దట్టంగా పెరుగుతాయని హాఫ్‌కిన్ గమనించాడు. ఇలా సమృద్ధిగా పెరిగిన క్రిములను వేడిచేసి చంపి, నిలవ ఉండేందుకు కార్బాలిక్ ఆమ్లం కలిపి టీకా తయారుచేశాడు. రేయింబవళ్లు సాగిన ఆ శ్రమకు తట్టుకోలేక సహాయకులలో కొందరు మధ్యలోనే తప్పుకొన్నారు.

1897 జనవరి 10న ఆయన 10 ఘనసెంటీమీటర్ల టీకాను తనకు వేయించుకొన్నాడు. తరువాత సామాన్యులకు వాడిన మోతాదు కన్నా అది చాలా ఎక్కువ. తీవ్ర జ్వరం వచ్చినా ప్రమాదం వాటిల్లలేదు. ఆ నెలాఖరులో బైకుల్లా కారాగారంలో ప్లేగు తలెత్తగా, స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన ఖైదీలకు టీకా వేశారు. టీకా నాటికే వ్యాధి సోకిన వారిని మినహాయించి లెక్కించగా, టీకా లేని 170 మందికి పైగా ఖైదీలలో 12 మంది వ్యాధిగ్రస్తులై 6 గురు మరణించారు. టీకా పొందిన దాదాపు 150 మందిలో ఇద్దరికి వ్యాధి సోకినా, ఎవరూ మరణించలేదు.

1898లో బరోడా సంస్థానంలోని ఉంధేరా గ్రామంలో జరిగిన పరీక్ష మరింత స్పష్టమైనది. ప్రతి కుటుంబంలోనూ కొందరికి టీకా వేసి, కొందరికి వేయకుండా ఉంచి ఫలితాలు గమనించారు. టీకా లేని 64 మందిలో 27 మందికి వ్యాధి సోకగా 26 మంది మరణించారు. టీకా పొందిన 71 మందిలో 8 మందికి సోకగా ముగ్గురు మరణించారు. ఈ టీకా సంపూర్ణ రక్షణ కల్పించదు. దాని ప్రభావం కొన్ని నెలలకే పరిమితం. వేసిన చోట వాపు, జ్వరం తప్పవు. ఈ పరిమితులను గుర్తిస్తూనే, ప్రభుత్వం నియమించిన భారత ప్లేగు కమిషన్ టీకా వల్ల వ్యాధి, మరణాలు గణనీయంగా తగ్గుతున్నాయని నిర్ధారించింది.

ప్రజలను ఒప్పించడంలో స్థానిక పెద్దల సహకారం ఎంతో ఉపకరించింది. ఖోజా ఇస్మాయిలీల మతాధిపతి ఆగాఖాన్ స్వయంగా టీకా వేయించుకొని తన అనుయాయులను ప్రోత్సహించాడు. వేలాది ఖోజాలు ఆయన మాటను అనుసరించారు. ప్రయోగశాల నిర్వహణకు ఆయన తన భవనాన్ని కూడా ఇచ్చాడు. 1897లో బ్రిటిష్ ప్రభుత్వం హాఫ్‌కిన్‌ను సి.ఐ.ఇ. బిరుదుతో సత్కరించింది. 1899 ఆగస్టులో ప్లేగు పరిశోధనశాల పరేల్‌లోని పాత గవర్నర్ భవనంలోకి మారింది. అక్కడి నుంచి దేశం నలుమూలలకు, విదేశాలకు టీకా సరఫరా సాగింది.

ముల్కోవాల్ దుర్ఘటన

1902లో పంజాబులో ప్లేగు ఉధృతమైంది. అక్కడి ప్రభుత్వం లక్షలాది ప్రజలకు టీకా వేయాలని సంకల్పించింది. అంత పెద్ద మొత్తంలో టీకాను సకాలంలో అందించడానికి పరేల్ ప్రయోగశాల తయారీ విధానాన్ని కొంత మార్చింది. కార్బాలిక్ ఆమ్లం కలపడం మానివేసి, వేడిచేయడంపైనే ఆధారపడింది. పాశ్చర్ సంస్థలో అప్పటికే ఆచరణలో ఉన్న పద్ధతి అది.

1902 అక్టోబరు 30న పంజాబులోని ముల్కోవాల్ గ్రామంలో 107 మందికి టీకా వేశారు. ఆ రోజు అయిదు సీసాలు తెరిచారు. వారం రోజులు గడిచేసరికి, 53-ఎన్ అనే సంఖ్య గల ఒక సీసాలోని మందు తీసుకొన్న 19 మందికి ధనుర్వాతం సోకింది. ఆ 19 మందీ మరణించారు. మిగిలిన నాలుగు సీసాలలోని మందు తీసుకొన్నవారికి ఏ ఆపదా కలగలేదు. ప్రాణరక్షణ కోసం నమ్మి చేయి చాపిన నిరుపేద గ్రామీణులు ప్రాణాలు కోల్పోయిన ఆ ఘటన దేశాన్ని దిగ్భ్రాంతికి గురిచేసింది. పంజాబులో టీకా కార్యక్రమం కుంటుపడింది.

బొంబాయి ప్రధాన న్యాయమూర్తి సర్ లారెన్స్ జెంకిన్స్ అధ్యక్షతన ప్రభుత్వం విచారణ సంఘాన్ని నియమించింది. సీసా తెరవక ముందే, అంటే బొంబాయి ప్రయోగశాలలోనే, మందు కలుషితమై ఉండవచ్చునని సంఘం అభిప్రాయపడింది. కార్బాలిక్ ఆమ్లం వాడకపోవడాన్ని తీవ్ర లోపంగా పరిగణించింది. హాఫ్‌కిన్‌ను ప్రయోగశాల బాధ్యతల నుంచి తప్పించారు. 1904లో ఆయన భారతదేశం విడిచి వెళ్లాడు. ఆయన వైద్యుడు కాకపోవడం, భారత వైద్య సేవకు చెందకపోవడం, రష్యాలో పుట్టిన యూదుడు కావడం కూడా ఆయన పట్ల అధికార వర్గాల వైఖరిని ప్రభావితం చేశాయని పలువురు చరిత్రకారులు భావిస్తారు.

సాక్ష్యం చెప్పిన నిజం

విచారణలో వెలువడిన సాక్ష్యాధారాలు మాత్రం వేరొక దిశను సూచించాయి. ముల్కోవాల్‌లో 53-ఎన్ సీసాను తెరిచే సమయంలో సహాయకుని చేతిలోని పట్టకారు నేలపై పడింది. దానిని సక్రమంగా క్రిమిరహితం చేయకుండానే బిరడా తీయడానికి ఉపయోగించారు. ధనుర్వాత క్రిములు మట్టిలో ఉంటాయన్నది అప్పటికే తెలిసిన విషయం.

రెండవ ఆధారం మందు వాసన. ఆ సీసాను ప్రయోగశాలలో నింపి అప్పటికి నెల రోజులు దాటింది. నింపేటప్పుడే ధనుర్వాత క్రిమి చేరి ఉంటే, అన్ని రోజులు మూసిన సీసాలో వృద్ధిచెంది తీవ్రమైన దుర్గంధం కలిగించి ఉండవలసినది. వాడకముందు వాసన చూసిన వైద్యునికి అటువంటిదేమీ కనిపించలేదు. లండన్‌లోని లిస్టర్ సంస్థ ఈ పత్రాలను పరిశీలించి, దోషం ప్రయోగశాలలో జరిగినదని చెప్పడానికి వీలులేదని అభిప్రాయపడింది. అయినప్పటికీ విచారణ పత్రాలు ప్రజల ముందుకు రావడానికి సంవత్సరాలు పట్టింది.

పత్రాలు వెల్లడైన తరువాత హాఫ్‌కిన్ పక్షాన గళం విప్పినవారిలో అగ్రగణ్యుడు సర్ రోనాల్డ్ రాస్. మలేరియా దోమల ద్వారా వ్యాపిస్తుందన్న సత్యానికి పునాది వేసిన పరిశీలనను 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో జరిపి, 1902లో నోబెల్ బహుమతి పొందిన శాస్త్రవేత్త ఆయన. ప్లేగుతో ఏటా లక్షలాది ప్రజలు మరణిస్తున్న దేశంలో, రక్షణనిచ్చే టీకాపై అకారణ అనుమానం నిలిచిపోతే నష్టపోయేది ప్రజలే అని రాస్ హెచ్చరించాడు. 1907లో నేచర్ పత్రికలో ఆయన వ్యాసం రాశాడు. అదే ఏడాది జూలైలో రాస్‌తో సహా పదిమంది ప్రముఖ శాస్త్రవేత్తలు హాఫ్‌కిన్ నిర్దోషి అని ప్రకటిస్తూ లండన్ టైమ్స్ పత్రికకు సంయుక్త లేఖ పంపారు. బ్రిటిష్ పార్లమెంటులోనూ ఈ విషయం ప్రస్తావనకు వచ్చింది. చివరకు ప్రభుత్వం హాఫ్‌కిన్‌ను తిరిగి ఉద్యోగంలోకి ఆహ్వానించింది.

తిరిగి భారతదేశానికి

1907 చివరలో ఆయన భారతదేశానికి తిరిగివచ్చాడు. అప్పటికి పరేల్ ప్రయోగశాల అధిపతి పదవి మరొకరికి దక్కింది. ఆయనను కలకత్తాలోని జీవశాస్త్ర ప్రయోగశాలకు నియమించారు. కొత్త టీకాలను ప్రజల మధ్య పరీక్షించే అవకాశం ఇవ్వక, పరిశోధనను ప్రయోగశాల నాలుగు గోడలకే పరిమితం చేశారు. నింద తొలగినా పూర్వపు బాధ్యత, స్వేచ్ఛ ఆయనకు తిరిగి లభించలేదు. 55వ ఏట పదవీ విరమణ చేసి ఫ్రాన్స్‌కు వెళ్లాడు. అవివాహితుడైన ఆయన చివరి సంవత్సరాలలో యూదు మత సంప్రదాయ అధ్యయనంలో గడిపి, తన ఆస్తిని యూదు విద్యాలయాల సహాయార్థం ఒక నిధిగా ఏర్పాటు చేశాడు. 1928లో స్విట్జర్లాండులోని లోజాన్ నగరానికి మారి, 1930 అక్టోబరు 26న అక్కడే కన్నుమూశాడు.

ఆయన జీవించి ఉండగానే, 1925లో, బొంబాయి ప్రయోగశాలకు హాఫ్‌కిన్ సంస్థ అని నామకరణం చేయడం కొంత ఊరట. 1897 నుంచి 1925 వరకు ఆ ప్రయోగశాల నుంచి సుమారు 2 కోట్ల 60 లక్షల మోతాదుల ప్లేగు టీకా వెలువడింది. 1964లో భారత తపాలా శాఖ ఆయన స్మారకార్థం తపాలా బిళ్ల విడుదల చేసింది. టీకాలు, ఔషధాల ఉత్పత్తి కోసం 1975లో ఆ సంస్థ నుంచి ప్రత్యేక కార్పొరేషన్ ఏర్పడింది.

మిగిలిన పాఠం

1896లో మొదలైన ప్లేగు వ్యాధి తరువాతి రెండు దశాబ్దాలలో భారతదేశంలో కోటికి పైగా ప్రాణాలను బలిగొన్నది. ఎలుకల నుంచి ఫ్లీ అనే కీటకాల ద్వారా అది మనుషులకు సోకుతుందని పాల్ లూయీ సిమండ్ 1898లో కరాచీలో నిరూపించినా, ఆ సత్యం అందరి ఆమోదం పొందడానికి మరికొన్ని సంవత్సరాలు పట్టింది. యాంటీబయాటిక్ మందులు అందుబాటులోకి వచ్చిన తరువాత వ్యాధిని సకాలంలో గుర్తిస్తే నయం చేయడం సాధ్యమైంది. హాఫ్‌కిన్ నాటి టీకా నేడు వాడుకలో లేదు. ఆయన అనుసరించిన పద్ధతి మాత్రం పాతబడలేదు. బలవంతం కన్నా నమ్మకం కలిగించడం మిన్న అని, ప్రకటనల కన్నా పోల్చి చూపిన లెక్క బలమైనదని ఆయన ఆచరణలో చూపాడు.

ముల్కోవాల్ ఉదంతం ఇరువైపులా హెచ్చరిస్తున్నది. నేల మీద పడిన ఒక పట్టకారును సరిగా శుద్ధి చేయకపోవడం 19 కుటుంబాలను దుఃఖంలో ముంచింది. టీకా కేంద్రంలో చిట్టచివరి మెట్టున పనిచేసే సహాయకుని జాగ్రత్తపైనే మొత్తం కార్యక్రమం ఆధారపడి ఉంటుంది. మరొకవైపు, ఆధారాలు పూర్తిగా పరిశీలించక ముందే దోషిని నిర్ణయించడం వల్ల సమర్థుడైన శాస్త్రజ్ఞుని సేవలను దేశం అవసరమైన వేళలో కోల్పోయింది. ఆ 19 మంది మరణాలకు అసలు కారణం ఏమిటో సకాలంలో ప్రజలకు చెప్పనందున అనుమానం ఊరూరా వ్యాపించింది. విచారణ నిష్పక్షపాతంగా జరగడం ఎంత అవసరమో, దాని వివరాలు జాప్యం లేకుండా ప్రజలకు చేరడం అంతే అవసరమని ఈ ఉదంతం తెలియజేస్తున్నది.